దిబ్బ మీద రాశి

కోపం వస్తే నేను నడుస్తాను. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. చెప్పులేసుకుని గడప దాటానంటే ఎవరూ వెనక్కి పిలవరు. ఆ ఆదివారం మాత్రం ముందు నడిచాను, కోపం తర్వాత వచ్చింది. బాన్సువాడ స్టేడియం గేటు దగ్గర వచ్చింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నేను బళ్లో ఆటలు నేర్పే టీచర్ని. ఆడపిల్లలకు బేస్‌బాల్ నేర్పుతాను. ఈ మాట చెబితే మా చుట్టాలు ఇప్పటికీ ఒక నిమిషం నా మొహం చూసి, "అంటే క్రికెట్ లెక్కనేనా" అంటారు. కాదని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, ఈ మధ్య అవునంటున్నాను.

మర్నాడు సోమవారం పొద్దున రాష్ట్ర జట్టుకు ఆడపిల్లల ఎంపికలు మా స్టేడియంలో జరగాలి. ఎవరి కాళ్లు పట్టుకుంటే అవి ఇక్కడికి వచ్చాయో నాకే తెలుసు. అంత చేసింది ఒకే ఒక్క పిల్ల కోసం. మహమ్మద్ నగర్ అవతల ఒక తండా పిల్ల. పిచ్చర్. అంటే దిబ్బ మీద నిలబడి, బ్యాటు పట్టుకున్నవాళ్ల మీదికి బంతి విసిరే మనిషి. ఆ పిల్ల చేతిలోంచి బంతి వచ్చేటప్పుడు చప్పుడు వినిపిస్తుంది. పదో తరగతి అయిపోయింది. వయసు లెక్కన ఆ జట్టుకు ఇదే చివరి ఏడాది. ఎంపికైతే ఆటల హాస్టల్లో సీటు, చదువు, తిండి అన్నీ వాళ్లే చూస్తారు. కాకపోతే తల్లి వెంట కూలికి. వాళ్ల నాన్న నాతో ఒకటే మాట అన్నాడు. "బాన్సువాడల అయితే తోలుత మేడం. దాటితే తోల." ఇంకో ఊళ్లో ఎంపికలు పెడితే ఆ పిల్ల కథ అక్కడితో సరి.

ఎంపికలు చూసే ఆయన శనివారం ఫోన్ చేశాడు. "గ్రౌండ్ ఖాళీగా ఉంది కదా మేడం? మౌండ్ ఉంది కదా? లేకపోతే ఇప్పుడే చెప్పండి, జిల్లా కేంద్రంలో పెట్టేస్తాం" అన్నాడు. ఉంది సార్ అన్నాను. మౌండ్ అంటే పిచ్చర్ నిలబడే దిబ్బ. దాన్ని నేను మరిచిపోతానా? దాని మీద నిలబడి పెరిగినదాన్ని. కానీ పిల్లలకు నేర్పేది బడి జాగాలోనే, దాని మీద కాలు పెట్టి ఏళ్లయింది. ఆ మాట అనేసి, ఒకసారి కళ్లతో చూసొద్దామని ఆదివారం మధ్యాహ్నం బయల్దేరాను.

స్టేడియం అని గొప్పగా అంటాంగాని, ఒక పక్క సిమెంటు మెట్లు, మెట్ల మీద రేకులు, మూలకు ఒక గది, గేటు మీద ఇనుప కమాను, అంతే. కమాను మీద అక్షరాల్లో సగం ఊడిపోయాయి. మేం ఆడే రోజుల్లో మా జట్టు ఎక్కడో గెలిచొస్తే, అప్పటి పెద్దమనిషి ఒకాయన మీటింగులో మైకు పట్టుకుని ఊరికి బేస్‌బాల్ స్టేడియం అని ప్రకటించాడు. కట్టారు కూడా. ప్రారంభం రోజు ఆయన చేతికి ఎవరో క్రికెట్ బ్యాటు ఇచ్చారు. మా సారు పరుగున పోయి మా బ్యాటు ఇవ్వబోతే, "రోకలి లెక్కున్నది, గిదేంది" అని నవ్వి పక్కకు తోశాడు. క్రికెట్ బ్యాటుతో బేస్‌బాల్ స్టేడియం మొదలైంది. మొదలే అట్లా ఉంటే చివర ఎట్లా ఉంటుంది? నీళ్ల నల్లా పెడతామన్నారు, పెట్టలేదు. ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గదికి తలుపు పెడతామన్నారు, చౌకట్టు పెట్టి పోయారు. ఇన్నేళ్లలో ఆ చౌకట్టు కూడా ఎవరో పీక్కుపోయారు.

గేటు తోసి లోపలికి వెళ్లాను. మైదానం కనిపించలేదు. అంతా వడ్లే.

తప్పు నాదే అనుకోకండి. యాసంగిలో, అంటే ఎండాకాలం పంట చేతికొచ్చినప్పుడు, స్టేడియంలో వడ్లు పోస్తారని నాకు తెలియక కాదు. నిజాంసాగర్ నీళ్లు పారిన చోటల్లా వడ్లు పండుతాయి, పండిన వడ్లు ఎక్కడో ఒకచోట ఆరాలి. రోడ్డు మీద ఆరతాయి, బడి ముందు ఆరతాయి, స్టేడియంలో ఆరతాయి. కానీ ఆ పాటికి అన్నీ కాంటా మీద తూకమై, సంచులకెక్కి, లారీల్లో మిల్లుకు పోయి ఉండాలి. వడ్లు కొనే సెంటర్ వాళ్లే అట్లా చెప్పారు. లారీలు రాలేదు. సంచులు అయిపోయాయి. ఆ రోజు హమాలీలు కూడా ఎవరిదో పెళ్లని పోయారు. అంత పెద్ద జాగాలో గాలి తప్ప చప్పుడు లేదు. మెట్ల నీడన కొందరు రైతులు తువ్వాళ్లు మొహాన కప్పుకుని పడుకున్నారు. వాళ్లు రోజులు లెక్కపెట్టడం కూడా మానేసినట్టున్నారు.

మైదానం మధ్యలో, సరిగ్గా మా దిబ్బ ఉండాల్సిన చోట, అన్నిటికన్నా పెద్ద రాశి ఉంది. దాని చుట్టూ బూడిదతో గీసిన గీతలున్నాయి. ఆ గీతలు చూడగానే ఎవరిదో తెలిసిపోయింది. ఈ రోజుల్లో రాశి మీద బూడిద ముద్ర వేసేది మా అన్న ఒక్కడే. ఎవరైనా గింజ తీస్తే గీత చెదురుతుంది, దొంగ దొరుకుతాడు. మా తాత నుంచి వచ్చిన అలవాటు. ముద్ర వేసిన రాశిని కాంటా రోజు దాకా కదపకూడదు. కదిపితే ఇంటి లక్ష్మి కదులుతుందని మా వాళ్ల నమ్మకం.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఎందుకంటే ఆ దిబ్బ పోసిందే మా అన్న.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా ఆటల సారు, పిచ్చర్‌కు దిబ్బ కావాలి, మామూలు మట్టి పనికిరాదు, జిగురు మట్టి కావాలి అన్నాడు. అన్న అప్పుడే ట్రాక్టర్ నేర్చుకున్నాడు. ట్రాక్టర్ ఎక్కడానికి వంక దొరికితే చాలు ఆయనకు. ఎండాకాలం కాలువ కట్టేశాక అడుగున పేరుకున్న ఒండ్రు తవ్వి, ట్రాలీలో తెచ్చి, తనే తొక్కి తొక్కి గట్టిచేసి, దాని నెత్తిన లారీ టైరు ముక్క పాతాడు. "గిది నా చెల్లె బంతేసే జాగ" అని కనిపించిన వాళ్లకల్లా చెప్పాడు. నేను ఆడినన్ని రోజులూ పొలం పని ఎగ్గొట్టి మెట్ల మీద కూర్చునేవాడు. ఆట నియమాలు ఆయనకు ఒక్కటీ తెలియవు. బ్యాటుకు తగలకుండా నా బంతి పోయిందంటే మాత్రం లేచి నిలబడి "లాభం" అని అరిచేవాడు. రాశి కొలిచేటప్పుడు మా వైపు ఒకటి అనరు. మొదటిది లాభం, తర్వాత రెండు, మూడు. ఏడు అనడం కీడని ఆరున్నొక్కటి అంటారు. అన్న చేత విని విని మా జట్టంతా అట్లాగే లెక్కపెట్టేది. వేరే జిల్లాకు ఆడటానికి పోతే అక్కడి పిల్లలు మమ్మల్ని చూసి పిచ్చివాళ్లనుకున్నారు.

ఆ మనిషి, ఆ దిబ్బ మీదే తన వడ్లు పోసుకుని కూర్చున్నాడు. మైదానంలో అదొక్కటే ఎత్తు జాగా మరి. వాన పడితే నీళ్లు చుట్టూ పోతాయి, రాశి కిందికి పోవు. అందుకే ప్రతి యాసంగికీ దాని కోసం పోటీ. ఇన్నేళ్లూ ఎవరెవరో పోశారు, ఈసారి అన్న వంతు. చాలామంది కుర్ర రైతులు ఆ దిబ్బను సర్కారు వాళ్లు రాశుల కోసమే కట్టించారనుకుంటున్నారని తర్వాత తెలిసింది.

రాశి పక్కన పలచగా ఆరబోసిన వడ్లలో ఒకామె నడుస్తోంది. వడ్లు తిరగేయడం అంటే అదే. కాళ్లు ఎత్తకుండా, పాదాలు ఈడుస్తూ, గింజల్లో చాళ్లు తీసుకుంటూ పోవాలి. కింది గింజ పైకి వస్తుంది. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు, పొద్దంతా. ఆమె వెనకాలే ఇంకో వరసలో ఒక పిల్ల. తల పైకెత్తింది. నా పిచ్చర్. ఆ తల్లీబిడ్డలు కూలికి వచ్చింది మా అన్న వడ్లకే.

ఆ పిల్ల పాదాలు చూస్తూ నిలబడిపోయాను. బంతి వదిలేటప్పుడు పిచ్చర్ వెనక కాలు గాల్లోకి లేవకూడదు, నేలను రాసుకుంటూ ముందుకు రావాలి. అది నేర్పడానికి మిగతా పిల్లల దగ్గర నా తాతలు దిగివస్తారు. ఈ పిల్లకు మొదటిరోజే వచ్చింది. ఎట్లా వచ్చిందా అని చాలాసార్లు అనుకున్నాను. అక్కడ ఆ వడ్లలో జవాబు దొరికింది. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు.

"రేపు ఆట పెట్టుకొని ఎండలో ఏం పని?" అని పిల్లను కసిరాను. కసరాల్సింది ఆమెను కాదని తెలుసు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం.

తల్లి ఆగింది. "ఒక్కదాన్నే అయితే పొద్దుగూకే దాక అయితలేదు మేడం. రేపు నేను గూడ రావాలె గద పిల్లతోని. అందుకే ఇయ్యాల్నే చేసుకుంటున్నం" అంది. తర్వాత నా చూపు రాశి వైపు పోవడం గమనించి, గొంతు తగ్గించింది. "ముద్ర ముట్టకుండ్రి మేడం. చెదిరిందంటే నా మీదికొస్తది."

నిజమే. గీత చెదిరితే పట్టాదారును ఎవరూ అడగరు. కాపలా ఉన్న తండా మనిషిని అడుగుతారు.

అన్నకు ఫోన్ చేశాను. తిని వస్తానన్నాడు. తినే వచ్చాడు, బండి మీద, మూతి తుడుచుకుంటూ.

"ఏంది చెల్లె, గీ ఎండల ఏం పని?"

"రేపు పొద్దుగాల ఇక్కడ పిల్లల సెలక్షన్లు ఉన్నయి అన్నా. ఈ రాశి తియ్యాలె."

"ఏడికి తియ్యమంటవ్? నీ నెత్తి మీదికా?"

"పక్కకు. దిబ్బ ఒక్కటి ఖాళీ చేస్తే చాలు. తక్కినయి పలచగ పోసినయి, పొద్దుగాల ఒక దిక్కు నూకుతరు. నేను అందరితోని మాట్లాడుత."

"కాంటా కాని రాశి కదపరని నీకు తెల్వదా? దినాం మబ్బు పడుతున్నది. పక్కనంత పల్లం. వాన పడితే నీ ఆట మునుగుతదా, నా వడ్లు మునుగుతయా?"

ఆయన మొహం చూస్తే నిద్రపోయి చాలా రోజులైనట్టుంది. పండించినవాడు, అప్పగించడానికి తెచ్చినవాడు, తీసుకుపోయే దిక్కు లేక తన గింజకు తనే కాపలా కాస్తున్నాడు. అట్లా అని నా కోపం తగ్గలేదు. పెరిగింది. రైతూ, పిల్లా ఒకే గుప్పెడు ఎత్తు నేల కోసం కొట్లాడుకునేట్టు చేసిందెవరు? కళ్లాలు కట్టిస్తామన్నవాళ్లు కట్టించలేదు. ఆట స్థలం ఇస్తామన్నవాళ్లు కమాను ఇచ్చారు. ఇద్దరూ హాయిగా చల్లటి గదుల్లో ఉన్నారు. ఎండలో నిలబడి ఒకరినొకరు తిట్టుకుంటున్నది మేం.

"నీకు మళ్ల పంట ఉన్నదన్నా. గా పిల్లకు మళ్ల ఏడాది లేదు" అన్నాను.

అన్న వడ్లలో నడుస్తున్న పిల్ల వైపు చూశాడు. "గా పిల్ల మన పిల్లనా?" అన్నాడు.

ఆయన అది పెద్దగా అనలేదు. కుళ్లుతో కూడా అనలేదు. మామూలుగా, టీ తాగావా అన్నట్టు అన్నాడు. అందుకే ఎక్కువ మండింది. గింజల చప్పుడు ఆగింది. తల్లి పాదాలు ఆగిపోయాయి. ఆమె తల ఎత్తలేదు. కాసేపటికి ఆ పాదాలు మళ్లీ కదిలాయి, ఏమీ విననట్టు. కూతురు మాత్రం కదల్లేదు. నా వైపు చూస్తూ నిలబడింది.

నేను అన్నను తిట్టలేదు. తిడితే ఆయనకు తేలిక. చెప్పులు విడిచాను. తల్లి పక్కన పెట్టుకున్న చాట తీసుకుని రాశి దగ్గరికి నడిచాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. రాశి లేపేటప్పుడు మొదటి చాట ఆడబిడ్డది. మా మేనత్త వచ్చేదాకా మా తాత రాశి మీద చెయ్యి వేసేవాడు కాదు. అత్తే ముద్ర చెరిపి, చాటతో ఎత్తి, లాభం అనేది. ఆడబిడ్డ చెయ్యి పడ్డాక ఆ రాశి మీద ఇక ముద్ర ఉండదు, ఎవరైనా ఎత్తొచ్చు. కోత మిషన్లు వచ్చాక వడ్లు పొలంలోంచి ట్రాలీలోకి, ట్రాలీలోంచి సెంటర్‌లోకి పోతున్నాయి. ఆడబిడ్డ చాట సంగతి అందరూ మరిచిపోయారు. ముద్ర గుర్తుంచుకున్న మా అన్న కూడా అది మరిచిపోయాడు. వాళ్లకు కావాల్సిన పద్ధతులు గుర్తుంటాయి, మాకు రావాల్సినవి గుర్తుండవు.

"ఏం చేస్తున్నవే?" అన్నాడు అన్న.

"నా చాట నాకు వేసినవా ఈసారి? పోయినసారి వేసినవా? ఎన్నడన్న వేసినవా?"

ఆయనకు కాదనడానికి లేదు. ఆడబిడ్డ చాటకు అడ్డం పడ్డ ఇల్లు మా వైపు లేదు, ఉంటే దాని పేరు ఎవరూ ఎత్తరు. మెట్ల నీడన పడుకున్న రైతులు లేచి కూర్చున్నారు. వాళ్లలో ఒక ముసలాయన అక్కడి నుంచే, "చెయ్యి పెట్టనియ్యి పటేలా, ఆడబిడ్డ" అన్నాడు.

బూడిద గీతను అరచేత్తో చెరిపాను. చాట నిండా ఎత్తి, పక్కన ఖాళీగా పరిచి ఉన్న టార్పాలిన్ మీద పోశాను.

"లాభం" అన్నాను.

రెండు. మూడు. నా చీర కొంగు నిండా దుమ్ము. ఆరున్నొక్కటి దగ్గరికి వచ్చేసరికి నడుం పట్టేసింది. అప్పుడు పక్కన ఇంకో చాట పడింది. పిల్ల. తర్వాత తల్లి. ముద్ర లేదు కాబట్టి ఇప్పుడు ఆమె భయపడాల్సింది లేదు. ఆమె చాట నిండా ఎత్తిన తీరు చూస్తే, ఇన్ని రోజులూ ఆ గీతల పక్కన కాపలా కూర్చుని ఏమేం మింగిందో తెలిసింది. మెట్ల మీది రైతులూ ఒక్కొక్కరే దిగి వచ్చారు.

అన్న కాసేపు చేతులు కట్టుకుని చూశాడు. చివరికి, "గిట్ల చాటలతోని చేస్తే వచ్చే యాసంగికైతది" అని గొణుక్కుంటూ పోయి, ఎవరిదో ముందు పలక ఉన్న ట్రాక్టర్ తెచ్చాడు.

సాయంత్రానికి రాశి పక్కకు జరిగింది. అడుగు గింజలు చీపుర్లతో ఊడ్చాం. ఊడ్చి చూస్తే దిబ్బ లేదు.

ఎంత చూసినా లేదు. నేల చదునుగా ఉంది. పైగా మధ్యలో కొంచెం గుంట. లారీ టైరు ముక్క ఉండాల్సిన చోట ఒక తుప్పు పట్టిన మేకు ఉంది. పిల్ల వచ్చి ఆ మేకు పక్కన కాలు పెట్టి నిలబడి, "ఎత్తు ఏది మేడం?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. అన్నకు ముందు అర్థమైంది. ఇన్నేళ్లూ ప్రతి యాసంగికీ ఎవరో ఒకరు ఆ దిబ్బను పేడతో అలికి వడ్లు పోశారు. సంచులకెత్తేటప్పుడు ఒక్క గింజ పోవద్దని పారతో గీకి గీకి ఎత్తారు. గీకినప్పుడల్లా ఒక పొర మట్టి గింజల్లో కలిసి పోయింది. మిల్లులో మట్టి ఉందని తరుగు కోశారు. అట్లా మా దిబ్బ సంచుల్లో మిల్లుకు పోయింది. మా అన్న కాలువలో దిగి తవ్వి తెచ్చిన ఒండ్రు, నేను నిలబడి నేర్చుకున్న ఒండ్రు, రైతుల లెక్కల్లో తరుగు కింద కొట్టేసి ఉంది. ఎత్తు అనుకుని ఏటా పోటీ పడి పోసుకున్నది చివరికి ఎత్తే కాదు. అలవాటు కొద్దీ అనుకున్నారంతే.

ఎవరిని తిట్టాలో తెలియకపోతే కోపం మనిషినే తినేస్తుంది. అన్న ఆ గుంట దగ్గర ముడుకుల మీద కూర్చుని మేకును వేలితో కదిలించాడు. అది తను కొట్టిన మేకే.

"కాలువ కట్టేసిన్రు గద" అన్నాడు చివరికి, నాతో కాదు, ఎవరితోనో. "ఒండ్రు దొరుకుతది."

లేచి పోయాడు. చీకటి పడకముందే ట్రాలీ వచ్చింది. ఆయన పోయగా, మేం తొక్కాం. పిల్ల తొక్కింది, వాళ్లమ్మ తొక్కింది, ముసలాయన కూడా పంచె ఎగ్గట్టి తొక్కాడు. పని అయ్యాక అన్న ఇంటికి పోకుండా రాశి పక్కన మంచం వేసుకున్నాడు. అది ఇప్పుడు కొత్త దిబ్బ కింద, పల్లంలో ఉంది మరి.

సోమవారం వాళ్లు వచ్చారు. దిబ్బ ఇంకా తడిగా ఉందని ఎంపికలాయన మొహం చిట్లించాడు. చుట్టూ వడ్ల కుప్పలు చూసి, ఇది మైదానమా మార్కెట్టా అని నవ్వాడు. నేను నవ్వలేదు. నా మొహం చూసి ఆయనా ఆపేశాడు.

పిల్ల వంతు వచ్చింది. దిబ్బ ఎక్కింది. వెనక కాలు కొత్త మట్టిని ఈడ్చుకుంటూ వచ్చింది, బంతి పోయింది, బ్యాటు పట్టుకున్న అమ్మాయి గాలిని కొట్టింది. బంతి ఆమె వెనక కూర్చున్న పిల్ల చేతిలో పడ్డ చప్పుడు నాకు వినిపించేలోపే మెట్ల మీది నుంచి ఒక గొంతు వచ్చింది.

"లాభం."

అన్న నిలబడి ఉన్నాడు. రాశి పక్క మంచం వదిలి ఎప్పుడు వచ్చాడో, ఎంతసేపటి నుంచి కూర్చున్నాడో తెలియదు. ఎంపికలాయన అటు తిరిగి, ఎవరాయన, ఏం అరుస్తున్నాడు అని అడిగాడు. మా వాళ్లే సార్ అన్నాను. నాకింకా కోపంగానే ఉంది, అయినా అన్నాను.

పిల్ల ఎంపికైంది. జూన్‌లో హాస్టల్‌కు పోయింది. బస్సెక్కే రోజు వాళ్ల నాన్న కూడా వచ్చాడు, బాన్సువాడ దాటే దాకా బస్సులో పోయి దిగిపోయాడట.

ఎంపికల మర్నాడే, మంగళవారం సాయంత్రం, వాన పడింది. టార్పాలిన్లు పైన కప్పగలవుగాని కింద పారే నీళ్లను ఆపలేవు. అన్న రాశి అడుగంతా తడిసింది. లారీ వచ్చేలోపు మొలకలొచ్చాయి. మొలకెత్తిన గింజకు మిల్లులో ఏం కోత కోస్తారో మా వైపు అందరికీ తెలుసు. అన్న నాకు ఒక్క మాట చెప్పలేదు. వదిన చెప్పింది, అది కూడా నేను గుచ్చి గుచ్చి అడిగితే. ఆ రాశి కదిపినందుకు నాకు బాధ ఉంది. చేసింది తప్పని మాత్రం అనను. మళ్లీ అదే ఆదివారం వస్తే మళ్లీ అదే చాట పట్టుకుంటాను. మాలో ఎవరో ఒకరు నష్టపోతేగాని ఇంకొకరు బాగుపడని ఏర్పాటు నేను చేసింది కాదు.

ఇప్పుడు మళ్లీ యాసంగి. నిన్న బడి అయ్యాక స్టేడియంకు పోయాను. ఎప్పట్లాగే మైదానం నిండా వడ్లు. దిబ్బ మీద మాత్రం ఒక్క గింజ లేదు. చుట్టూ బూడిదతో గీత గీసి ఉంది. అన్న రాశి దాని పక్కన, పల్లంలో ఉంది, దాని మీద ముద్ర లేదు. నా కోసం ఒక కొత్త చాట బోర్లించి ఉంది.

ఈ పొద్దున ఫోన్ చేసి లారీ వచ్చిందా అని అడిగాను.

"ఏడొస్తది" అన్నాడు అన్న. "పడమర దిక్కు మబ్బు పట్టింది."

ఫోన్ పెట్టేసి చెప్పులేసుకున్నాను. ఇంట్లో ఎవరూ వెనక్కి పిలవలేదు. ఈసారి నడిచింది స్టేడియం వైపు కాదు. లారీలు పంపాల్సిన వాళ్ల ఆఫీసు వైపు.